తాత్కాలికపు తాళపుచెవి: గుణదోష విచారణ

పదవ తరగతి పరీక్షలు జరుగునపుడు ప్రతి విద్యార్థి చేతిలోను ఒక హాల్ టికెట్టు ఉండును. దానిమీద విద్యార్థి పేరు, ఛాయాచిత్రము, పరీక్షా కేంద్రము, ఏ దినమున ఏ పరీక్ష అను వివరములు అచ్చువేయబడి యుండును. ఆ టికెట్టు మరియొకని చేతికి పోయినను వానికది పనికిరాదు. రైల్వే స్టేషనులో కొను ప్లాట్‌ఫారం టికెట్టు సంగతి వేరు. దానిమీద పేరుండదు, 2 గంటల గడువు మాత్రమే ఉండును. అది ఎవని చేతిలో నున్నచో వాడే దానికి యజమాని.

ఈ రెండును తాత్కాలికపు అనుమతులే, రెండింటికిని గడువున్నది. అయినను హాల్ టికెట్టు పోయినచో ఇబ్బంది పోగొట్టుకొన్న విద్యార్థికే. ప్లాట్‌ఫారం టికెట్టు పోయినచో, దొరికినవాడు నిరాటంకముగా లోనికి పోవును. ఈ భేదమును పాఠకులు మనస్సునందుంచుకొన వలెనని కోరుచున్నాము. ఏలయన, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు డెవలపర్లకు క్లౌడు నిల్వలోనికి ప్రవేశము కల్పించుటకై నేడు ప్రపంచమంతటను వాడుకలో నున్న తాత్కాలికానుమతులలో అధికభాగము ఈ రెండవ జాతికి చెందినవి. వానిని గురించి ఉత్పత్తిదారులు చెప్పు మాటలలో "తాత్కాలికము", "సురక్షితము" అను రెండు విశేషణములు జంటగా కనిపించును. మొదటిది నిజమైనంత మాత్రమున రెండవదియు నిజమగునా? మొదటిదియైనను ఎల్లప్పుడును నిజమేనా? ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

నిల్వ ఒకచోట, తాళము మరియొకచోట

క్లౌడు అను పేరులో మేఘమున్నను ఆ నిల్వ ఆకాశమందు లేదు. పెద్ద భవనములలో, ఎల్లవేళల చల్లబరచబడు గదులలో, వరుసలుగా నిలిపిన కంప్యూటర్లలో అది యున్నది. అమెజాన్ సంస్థ 2006 మార్చిలో ఎస్3 అను పేర ఇట్టి నిల్వను అద్దెకిచ్చుట ప్రారంభించెను. ఆ సంస్థ కేంద్రముల సముదాయమొకటి 2022 నవంబరు నుండి హైదరాబాదు ప్రాంతములోను పనిచేయుచున్నది. మైక్రోసాఫ్టు, గూగుల్ మొదలగు సంస్థలును ఇట్టి నిల్వలను నడుపుచున్నవి. వ్యాపార సంస్థలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయములు, ప్రభుత్వ శాఖలు తమ దస్త్రములను ఇట్టి చోట్ల దాచుకొనుచున్నవి.

అద్దెకు తీసికొన్నవారికి ఒక రహస్యపు తాళపుచెవి లభించును. అది లోహముతో చేసినది కాదు. అర్థము లేని అక్షరములు, అంకెలు కలిసిన ఒక పొడవైన వరుస. అది తెలిసినవాడు నిల్వలోని దస్త్రములను చదువగలడు, మార్చగలడు, తుడిచివేయగలడు. యజమాని దానిని మార్చునంతవరకు అది చెల్లుచునే యుండును.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వచ్చునో చూతము. నిల్వలోని ఒక్క దస్త్రమును చదువవలసిన డెవలపరుకు ఈ మూలపు చెవినే ఇచ్చినచో, వాడు దానిని తన ప్రోగ్రాములో వ్రాసికొనును. ఆ ప్రోగ్రాము ప్రతులు పదిమంది సహోద్యోగుల యంత్రములలోనికి పోవును. ఎప్పుడో ఒకనాడు ఒక ప్రతి పరాయివాని కంటబడును. ఇది ఊహ కాదు. 2016లో ఊబర్ సంస్థ ఇంజనీర్లు వాడుకొను గిట్‌హబ్ భాండారములోనికి ఇద్దరు దొంగచాటుగా ప్రవేశించి, అక్కడ అమెజాన్ నిల్వకు చెందిన తాళపుచెవిని కనుగొనిరి. దానితో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరములను ఎత్తుకొనిపోయిరి. సంస్థ ఈ సంగతిని 2017 నవంబరు వరకు బయటపెట్టలేదు. 2018లో అమెరికా రాష్ట్రములతో కుదిరిన పరిష్కారము ప్రకారము 14 కోట్ల 80 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. శాశ్వతమైన చెవిని పలువురకు పంచినచో ఫలితమెట్లుండునో చెప్పుటకు ఈ యొక్క ఉదాహరణము చాలును.

కావున తాత్కాలికానుమతి అను ఆలోచనయే తప్పని మేము చెప్పబోవుట లేదు. అది అవసరములో నుండి పుట్టినది. మా విచారణ దాని నిర్మాణమును గురించినది.

సంతకము పనిచేయు విధము

మూలపు చెవిని చేతికియ్యకుండ అనుమతి నిచ్చుట ఎట్లు? యజమాని ఒక చీటీ వ్రాయును. అందులో నాలుగు సంగతులుండును: ఏ దస్త్రము, ఏ పని (చదువుటయా, వ్రాయుటయా, తుడుచుటయా), ఎప్పటినుండి, ఎప్పటివరకు. ఈ చీటీని, మూలపు చెవిని కలిపి ఒక గణితక్రియకు లోబరచగా ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్యయే సంతకము. చీటీని, సంతకమును కలిపి ఒక ఇంటర్నెట్టు చిరునామాగా మార్చి డెవలపరుకు పంపుదురు. దీనిని అమెజాన్‌వారు ముందుగా సంతకము చేసిన చిరునామా యని, గూగుల్‌వారు సంతకము చేసిన చిరునామా యని పిలుచుచున్నారు. మైక్రోసాఫ్టువారి పేరు షేర్డ్ యాక్సెస్ సిగ్నేచర్, సంక్షిప్తముగా సాస్.

డెవలపరు ఆ చిరునామాను తెరచినపుడు నిల్వయొక్క ద్వారపాలకుడు, అనగా సర్వరు, చీటీని చదివి, తనవద్ద నున్న మూలపు చెవితో అదే గణితక్రియను మరల చేయును. రెండు సంఖ్యలు సరిపోయి, గడువు దాటకున్నచో తలుపు తెరచును. చీటీలో ఒక్క అక్షరము మార్చినను సంఖ్య మారిపోవును. మూలపు చెవి తెలియనివాడు క్రొత్త సంఖ్యను కట్టలేడు.

ఈ సూత్రమును తరగతిలో నల్లబల్లమీద చూపవచ్చును. రహస్యపు సంఖ్య 47 అనుకొనుడు. ఇది ఉపాధ్యాయునికి మాత్రమే తెలియును. బీరువాలోని 12వ అరను 15 గంటలవరకు తెరువవచ్చునని ఒక చీటీ వ్రాయవలెను. 12ను 47తోను, 15ను 47 వర్గముతోను, అనగా 2,209తోను గుణించి కూడవలెను. 564, 33,135 కలిసి 33,699 అగును. దీనిని 101తో భాగించగా శేషము 66. చీటీమీద "12, 15, సంతకము 66" అని వ్రాసియిచ్చినారనుకొందము. ఒక కొంటె విద్యార్థి 15ను 18గా దిద్దెను. ఉపాధ్యాయుడు మరల లెక్క వేయగా మొత్తము 40,326, శేషము 27 వచ్చును. చీటీమీద 66 ఉన్నది. దొంగతనము బయటపడెను.

తెలివిగల విద్యార్థులు ఈ లెక్కలోని లోపమును వెంటనే పట్టుకొందురు. 15నకు 101 కలిపి 116 అని వ్రాసినచో శేషము మారదు. శేషములు 101 మాత్రమే యుండుటచేత ఊహించి వ్రాసినను ఎప్పుడో ఒకటి తగులును. అంతేకాదు, రెండు మూడు చీటీలు సంపాదించినవాడు రహస్యపు సంఖ్యనే రాబట్టగలడు. వాస్తవమున వాడుచున్న పద్ధతికి ఈ బలహీనతలు లేవు. హెచ్‌మ్యాక్ అను ఆ పద్ధతిని బెల్లారే, కానెటీ, క్రావ్‌చిక్ అను మువ్వురు 1996లో ప్రకటించిరి. దానిని ఎస్‌హెచ్‌ఏ-256 అను క్రియతో కలిపి వాడినచో సాధ్యమగు సంతకముల సంఖ్య 2 యొక్క 256వ ఘాతము. వ్రాసినచో 78 అంకెల సంఖ్య. దీనిని ఊహించి పట్టుకొనుట మానవసాధ్యము కాదు. కనుక గణితమునందు దోషము లేదు. దోషమున్నచో గణితము చుట్టును కట్టిన ఏర్పాటులో నున్నది.

గుణములు

ముందు గుణములను చెప్పుట న్యాయము. సంతకము చేసిన చీటీ ఉన్నవానికి నిల్వలో ఖాతా అక్కరలేదు. పేరు నమోదు చేసికొన నక్కరలేదు. పెద్ద దస్త్రములు యజమాని యంత్రము గుండా పోవక, నిల్వనుండి తిన్నగా గ్రహీతకు చేరును. వేలకొలది మందికి వేలకొలది చీటీలు క్షణములో వ్రాయవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది, వ్రాసిన చీటీల జాబితాను సర్వరు ఎక్కడను దాచుకొన నక్కరలేదు. చీటీయే తన ప్రమాణమును తాను మోసికొని వచ్చుచున్నది.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు కంప్యూటర్లలోని సమాచార రక్షణను గురించి వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున, ద్వారపాలకుడు రెండు విధముల పని చేయవచ్చునని వివరించిరి. తనవద్ద పేర్ల జాబితా నుంచుకొని వచ్చినవానిని పోల్చి చూచుట ఒకటి. వచ్చినవాని చేతిలోని టికెట్టును మాత్రమే చూచుట మరియొకటి. జాబితానుండి ఒక పేరు కొట్టివేయుట తేలిక. పంచిన టికెట్టును వెనుకకు రప్పించుట కష్టము. నేటి సాస్ చీటీ ఈ రెండవ విధానమునకు చెందినదే. ఆ వ్యాసమందే వారు అల్పాధికార సూత్రమును చెప్పియున్నారు: ఏ పనికైనను ఆ పనికి చాలునంత అధికారమే ఇయ్యవలెను, అంతకు మించి ఇయ్యరాదు. ఈ రెండు మాటలను కొలబద్దగా తీసికొని నేటి ఏర్పాటును కొలుతము.

30 సంవత్సరముల తాత్కాలికము

మైక్రోసాఫ్టు సంస్థలోని కృత్రిమ మేధా పరిశోధకులు తాము తయారుచేసిన కొన్ని నమూనాలను లోకమున కందరికిని ఉచితముగా ఇయ్యదలచిరి. ఉద్దేశము ప్రశంసనీయము. 2020 జూలై 20వ తేదీన గిట్‌హబ్‌లో ఒక సాస్ చిరునామాను ప్రకటించి, దానినుండి నమూనాలను దింపుకొనుడని వ్రాసిరి. ఆ చీటీ గడువు 2021 అక్టోబరు 5తో ముగియవలసి యున్నది. మరునాడే, అనగా అక్టోబరు 6న, చీటీ తిరిగి వ్రాయబడెను. క్రొత్త గడువు 2051 అక్టోబరు 6.

పాఠకులు ఒక్క క్షణమాగి లెక్క చూడవలెను. ఆనాడు పదవ తరగతి చదువుచు 15 ఏండ్ల వయస్సున నున్న బాలిక ఆ చీటీ గడువు తీరునాటికి 45 ఏండ్ల గృహిణియో, ఉద్యోగినియో అయియుండును. అయినను శాస్త్రపరిభాషలో ఆ చీటీ పేరు తాత్కాలికానుమతియే!

గడువు ఒక్కటే తప్పు కాదు. చీటీ కొన్ని నమూనాలకు మాత్రమే వ్రాయవలసినది, మొత్తము నిల్వ ఖాతాకు వ్రాయబడెను. చదువుటకు మాత్రమే ఇయ్యవలసిన అధికారము మార్చుటకు, తుడుచుటకు కూడ ఇయ్యబడెను. విజ్ అను భద్రతా సంస్థ పరిశోధకులు దీనిని కనుగొని, 2023 జూన్ 22న మైక్రోసాఫ్టునకు తెలిపిరి. ఆ నిల్వలో 38 టెరాబైట్ల సమాచారమున్నది. అందులో ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల పూర్తి నకళ్ళు, రహస్యపదములు, 359 మంది ఉద్యోగులు పరస్పరము పంపుకొన్న 30 వేలకు పైగా సందేశములు ఉండెను. రెండు దినములలో, జూన్ 24న, చీటీ రద్దు చేయబడెను. సెప్టెంబరు 18న ఉభయసంస్థలును సంగతిని బహిరంగపరచినవి. తమ వినియోగదారుల సమాచారమేదియు బయటపడలేదని మైక్రోసాఫ్టు తెలిపెను.

ఇందు మరియొక ప్రమాదము దాగియున్నది. నమూనాలను మార్చుటకు అధికారముండుటచేత దుర్మార్గు డెవడైనను వానిలో హానికరమైన ప్రోగ్రామును చొప్పించి యుండవచ్చును. నమూనాలు దాచిన దస్త్రముల పద్ధతి అట్టిది. తెరచినంతనే లోపలి ఆజ్ఞలు పనిచేయుటకు వీలున్నది. అప్పుడు నష్టము యజమానితో ఆగక, నమ్మి దింపుకొన్న ప్రతి విద్యార్థికిని, ప్రతి పరిశోధకునికిని పాకియుండెడిది.

దోషము ఎవరిది?

ఆ చీటీ వ్రాసిన ఉద్యోగిది అని చెప్పుట సులభము. కాని ఆ సమాధానము మాకు తృప్తికరముగా లేదు. ప్లాట్‌ఫారం టికెట్టుమీద గడువును ప్రయాణికుడు వ్రాసికొనుట లేదు, రైల్వేవారు నిర్ణయించుచున్నారు. గడువు గళ్ళను ఖాళీగా వదలి, నీ ఇష్టము వచ్చినంత వ్రాసికొమ్మన్నచో, రెండవసారి స్టేషనుకు రావలసిన శ్రమ తప్పించుకొనుటకు ప్రతివాడును పెద్ద సంఖ్యనే వ్రాయును. పైన చెప్పిన చీటీ జాతికి, అనగా ఖాతా మొత్తమునకు వ్రాయు సాస్‌కు, నిర్మాణములో గరిష్ఠపు గడువు లేదు. 30 ఏండ్లన్నను యంత్రము అభ్యంతరము చెప్పలేదు. ఇది మొదటి దోషము.

రెండవది, పద్దు లేకుండుట. చీటీ వ్రాయుట యజమాని యంత్రమునందే జరుగును. సర్వరుకు అది తెలియదు. ఎన్ని చీటీలు వ్రాయబడినవి, ఎవరికి పోయినవి, ఎన్నింటికి ఇంకను గడువున్నది అను ప్రశ్నలకు నిల్వ సమాధానము చెప్పలేదు. ముందు మనము గుణముగా మెచ్చుకొన్న లక్షణమే ఇచ్చట దోషమగుచున్నది. వచ్చిన ప్రతి మనిషిని గూర్చి వ్రాసి యుంచు ఏర్పాటును యజమాని విడిగా పెట్టుకొనవచ్చును. కాని జేబులో చీటీ నుంచుకొని ఇంకను రానివానిని అది పట్టియియ్యదు.

మూడవది, రద్దు చేయుటలోని కష్టము. ఖాతా సాస్‌ను విడిగా కొట్టివేయుటకు మార్గము లేదు. మూలపు చెవినే మార్చవలెను. మార్చినంతనే ఆ చెవితో సంతకము చేసిన చీటీలన్నియు, మంచివియు చెడ్డవియు, ఒక్కసారిగా చెల్లకుండపోవును. ఒక విద్యార్థి హాల్ టికెట్టు పోయినదని రాష్ట్రములోని హాల్ టికెట్లన్నింటిని రద్దు చేసినట్లుండును. పని ఆగిపోవునను భయముచేత యజమానులు చెవిని మార్చుటకు వెనుకాడుదురు. భయము వలన ఆలస్యము, ఆలస్యము వలన నష్టము.

నాలుగవది మానవ స్వభావమునకు సంబంధించినది. మైక్రోసాఫ్టువద్ద ఇట్టి చీటీలను వెదకు యంత్రపు ఏర్పాటు అప్పటికే యుండెను. అది ఈ చీటీని పట్టుకొనెను కూడ. కాని ఆ హెచ్చరిక పొరపాటున "నిజమైనది కాదు" అని గుర్తుపెట్టబడినదని సంస్థయే వెల్లడించెను. కాపలా కుక్క మొరిగినది. ఇంటివారు ఊరకనే మొరిగినదనుకొనిరి. వెదకుట అను రెండవ వరుస రక్షణ, పరిమితి అను మొదటి వరుస రక్షణకు బదులు కాజాలదని దీనివలన తెలియుచున్నది.

ప్రతివాదము

ఇట్టి విమర్శకు ఒక సమాధానము కలదు. దానిని వినిపించక విడుచుట ధర్మము కాదు. గడువును బాగుగా తగ్గించినచో పనులు చెడునని డెవలపర్లు చెప్పుదురు. ఆ మాటలో నిజమున్నది. రెండు యంత్రముల గడియారములు సరిగా కలియవు. ఇప్పుడే మొదలగునట్లు వ్రాసిన చీటీని, వెనుకబడిన గడియారముగల సర్వరు "ఇంకను వేళ కాలేద"ని త్రోసిపుచ్చవచ్చును. అందుచేతనే ఆరంభకాలమును కనీసము 15 నిమిషములు వెనుకకు జరిపి వ్రాయుడని, లేదా వ్రాయకనే విడువుడని మైక్రోసాఫ్టు సలహా ఇచ్చుచున్నది. పెద్ద దస్త్రమును దింపుకొనుచుండగా గడువు ముగిసిన నేమగును? అమెజాన్ ఎస్3లో గడువును అభ్యర్థన వచ్చిన క్షణమున మాత్రమే చూతురు; మొదలైన దింపుకోలు సాగిపోవును. మధ్యలో తీగ తెగి మరల మొదలుపెట్టినచో మాత్రము తలుపు మూసియుండును. విద్యుత్తు, ఇంటర్నెట్టు నిలకడగా లేని మన గ్రామములలోని పాఠశాలకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఈ వాదమును మేము అంగీకరించుచున్నాము. కాని దీనివలన తేలునది గడువు గంటలలోనా, దినములలోనా అను ప్రశ్న మాత్రమే. 15 నిమిషములు చాలవనుటకును, 30 ఏండ్లు కావలెననుటకును మధ్య చాల దూరమున్నది. మరల మరల చీటీ వ్రాయుట శ్రమయైనచో, ఆ శ్రమను యంత్రమునకు అప్పగించవలెను గాని గడువును పొడిగించరాదు. అడిగినపుడెల్ల క్రొత్త చీటీని తనంతట తాను వ్రాసియిచ్చు చిన్న ప్రోగ్రాము చాలును.

ఇంకొక పక్షమువారు సంతకపు చీటీలను పూర్తిగా విసర్జించవలెనందురు. ఇదియు అతివాదమే. పైన చెప్పిన నమూనాలను లోకమునకు పంచు పనికి, చదువుటకు మాత్రమే అనుమతించు వేరొక నిల్వలో వానిని విడిగా ఉంచియుండినచో ఏ చిక్కును లేకపోయెడిది. పంచవలసిన పుస్తకములను వీధి గదిలో పెట్టవలెను. ఇనుపపెట్టె ఉన్న గదిలోనే పెట్టి, వచ్చినవారి కందరికిని ఆ గది తాళము ఇచ్చుటయే ఇచ్చట జరిగిన పొరపాటు.

సవరణలు: ఏది ఎంతవరకు మేలు

గరిష్ఠపు గడువును యంత్రమే నిర్ణయించుట సాధ్యమని చూపిన ఉదాహరణములు లేకపోలేదు. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1980వ దశకమున తయారైన కెర్బెరాస్ అను ఏర్పాటు ఇట్టి టికెట్లను వాడెను. దాని నాలుగవ రూపములో గడువును ఒక్క బైటులో, 5 నిమిషముల కొలతలో వ్రాసెడివారు. ఒక బైటులో పట్టు గరిష్ఠ సంఖ్య 255. కనుక ఏ టికెట్టుకైనను 1,275 నిమిషములకు, అనగా 21 గంటల 15 నిమిషములకు మించిన ఆయువు లేదు. 30 ఏండ్లు వ్రాయవలెనన్నను స్థలము చాలదు! దీర్ఘకాలపు పనులకు ఇది అడ్డమగుటచేత తరువాతి రూపములో ఈ కట్టుబాటును సడలించిరి. అయినను అందలి పాఠము విలువైనది: గీత గీయుటకు మనిషి నిగ్రహముకంటె యంత్రపు నిర్మాణము నమ్మదగినది.

నేటి సంస్థలలో అమెజాన్, గూగుల్ తమ సంతకపు చిరునామాలకు నేటి పద్ధతిలో 7 దినముల గరిష్ఠపు గడువు పెట్టినవి. అమెజాన్‌లో మరియొక మంచి పద్ధతి కలదు. డెవలపరుకు ఒక పాత్ర నిచ్చి, ఆ పాత్రకు తాత్కాలికపు చెవిని ఇత్తురు. దాని ఆయువు 15 నిమిషములనుండి 12 గంటల వరకు, ప్రత్యేకముగా అడుగకున్నచో 1 గంట. ఈ తాత్కాలికపు చెవితో సంతకము చేసిన చిరునామాకు 7 దినముల గడువు వ్రాసినను, చెవి ఆయువు తీరిన క్షణముననే అదియు చెల్లకుండపోవును. బిడ్డ ఆయువు తల్లి ఆయువును మించరాదను ఈ నియమము కఠినముగా కనిపించినను రక్షణకు మంచిది.

మైక్రోసాఫ్టువద్దను మేలైన మార్గములున్నవి. ఉద్యోగి తన సొంత గుర్తింపుతో పొందిన చెవితో చేయు సంతకమొకటి. దానికి గరిష్ఠముగా 7 దినములే ఆయువు. నిల్వలోని ఒక్కొక్క విభాగమునకు 5 వరకు అనుమతి విధానములను ముందుగా వ్రాసియుంచి, చీటీలను వానికి ముడిపెట్టుట మరియొకటి. విధానమును కొట్టివేసినంతనే దానికి ముడిపడిన చీటీలు మాత్రమే రద్దగును. అనగా టికెట్టు విధానములోనికి కొంత జాబితా విధానమును కలిపిరన్నమాట. 1975 నాటి వ్యాసము చూపిన రెండు దారులు ఇక్కడ కలిసినవి. 2023 సంఘటన తరువాత మితిమీరిన గడువు, మితిమీరిన అధికారముగల సాస్ చీటీలను గిట్‌హబ్‌లో వెదకు ఏర్పాటును విస్తృతము చేసితిమని ఆ సంస్థ ప్రకటించెను. ఇవన్నియు మంచి సవరణలే. కాని మంచి మార్గము ఐచ్ఛికముగాను, చెడ్డ మార్గము సులభముగాను ఉన్నంతవరకు తొందరలో నున్నవాడు చెడ్డదానినే త్రొక్కును. మా విమర్శలోని ముఖ్యాంశము ఇదియే. సురక్షితమైన దానిని సహజముగా లభించునట్లును, ప్రమాదకరమైన దానిని శ్రమపడి అడుగవలసినట్లును నిర్మించుట నిర్మాతల బాధ్యత.

పాఠశాలలో ఈ విచారణ ఎందుకు?

ఇది పెద్ద సంస్థల గొడవ, మనకేల యని ఉపాధ్యాయులు అనుకొనరాదు. నేడు ఉన్నత పాఠశాలలలోనే బాలబాలికలు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. తాము చేసినదానిని లోకమునకు చూపవలెనను ఉత్సాహముతో గిట్‌హబ్‌లో ప్రకటించుచున్నారు. ఆ ఉత్సాహము మెచ్చదగినది. కాని ప్రోగ్రాముతోబాటు తాళపుచెవి కూడ బయటపడు అవకాశమున్నది. తరువాత తుడిచివేసినను పాత ప్రతులు అందులో నిలిచియుండును. కనుక బయటపడిన చెవిని తుడుచుట చాలదు, మార్చవలెను. పాఠశాల మార్కుల పట్టికలను, విద్యార్థుల చిరునామాలను, ఛాయాచిత్రములను క్లౌడు నిల్వలో దాచి, లంకెను వాట్సాప్‌లో అందరికిని పంపు అలవాటు కూడ పెరుగుచున్నది. ఆ లంకెయు పేరులేని టికెట్టే కావచ్చును. దానివలన నష్టపడువారు లంకె పంపినవారు కాదు. ఏమియు నెరుగని పిల్లలు.

కావున లంకె పంపుటకు ముందు ఉపాధ్యాయుడు, విద్యార్థి తమను తాము ఐదు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎవరికి? ఏ దస్త్రమునకు? ఏ పనికి? ఎప్పటివరకు? పొరపాటు జరిగినచో దీనినొక్కదానిని వెనుకకు తీసికొనగలనా? మొదటి నాలుగింటికి సమాధానము చీటీలోనే కనిపించవలెను. ఐదవదానికి సమాధానము "లేదు" అయినచో గడువు మరింత తగ్గించవలెను.

తాత్కాలికము అను మాట ఒక వాగ్దానము. దానిని నిలబెట్టుట సంతకపు గణితమువలన కాదు. గడువు వ్రాయు చేతివలనను, ఆ చేతిని హద్దులో నుంచు నిర్మాణమువలనను అగును. 2051 అని వ్రాసిన చేతిని నిందించి ఊరకుండుటకంటె, అట్లు వ్రాయుటకు చోటిచ్చిన గడిని సరిదిద్దుట మేలు. రేపు అట్టి గళ్ళను నిర్మించువారు నేడు మన తరగతులలో కూర్చున్న విద్యార్థులే కనుక, ఈ విచారణ వారి ముందుంచితిమి.